మా వేలిముద్ర ఎందుకు చెల్లదు? వ్యవసాయ శాఖ మంత్రి గారికి ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన వ్యవసాయ శాఖ మంత్రి శ్రీ కింజరాపు అచ్చెన్నాయుడు గారికి,

నమస్కారాలు.

నేను చిత్తూరు జిల్లా బంగారుపాళ్యం మండలంలో రెండున్నర ఎకరాలు సాగు చేసుకునే రైతును. మొదట ‘రైతు భార్యను’ అని రాశాను. రాసింది చదువుకొని, కొట్టేసి, మళ్ళీ రాశాను. ఇంటికి నేను, మా అత్త, రెండు ఆవులు. ఎకరా మామిడి, మిగిలినదాంట్లో చెనిక్కాయలు (వేరుశనగ), బోరులో నీళ్ళుంటే కాస్త టమాటా. మా ఆయన బెంగళూరులో ఒక కార్ల షెడ్డులో పని చేస్తాడు. పదిహేను రోజులకోసారి వస్తాడు. మా మామ పోయాక పట్టా ఆయన పేరు మీదికి మారింది.

పోయిన ఖరీఫ్ సంగతి చెబుతాను. ప్రభుత్వం చేసే పంట నమోదుకు, అదే ఈ-క్రాప్‌కు, గడువు దగ్గర పడింది. చేను దున్నించింది నేను. విత్తనానికి కాయలు ఒలిచింది మా అత్తా నేనూ. కలుపు తీసింది మేమిద్దరం, ఇంకో నలుగురు ఆడకూలీలు. నమోదు చేయడానికి ఫోను పట్టుకొచ్చిన అబ్బాయికి గట్టు చూపించిందీ, సర్వే నంబరు చెప్పిందీ నేనే. చేలో నిలబెట్టి ఫొటో కూడా తీశాడు. వేలిముద్ర దగ్గరికి వచ్చేసరికి మాత్రం “అన్నను రమ్మనక్కా” అన్నాడు. అన్న ఒక రోజు జీతం పోగొట్టుకొని, రాత్రి బస్సెక్కి వచ్చి, పొద్దున్నే వేలు ఆనించి, మధ్యాహ్నం బస్సుకు వెళ్ళిపోయాడు. ఆ ఏడు చేలో ఏ సాలులో ఏం వేశామో ఆయనకు తెలియదు. పాపం, అందులో ఆయన తప్పు లేదు. ఆ అబ్బాయి తప్పూ లేదు, యంత్రం ఎవరి వేలు అడిగితే ఆ వేలే కదా అతను అడగాలి.

ఈ ఉత్తరం ఆ వేలి గురించే. కానీ దానికి ముందు మా వానల గురించి చెప్పాలి, లేకపోతే వేలు సంగతి చిన్న విషయంలా కనిపిస్తుంది.

మీది శ్రీకాకుళం జిల్లా. తుపాను అంటే ఏమిటో 2018లో తిత్లీ వచ్చినప్పుడు మీ ప్రాంతమంతా చూసింది. ఒక్క రాత్రిలో కొబ్బరి తోటలు, జీడితోటలు నేలమట్టమయ్యాయి. మా వైపు కష్టం అట్లా చప్పుడు చేసుకుంటూ రాదు. చెనిక్కాయ చెట్టు పూత పూసి ఊడలు దిగే రోజుల్లో వాన ఎగ్గొడుతుంది. ఇరవై రోజులు, ముప్ఫై రోజులు మబ్బు వస్తుంది, పోతుంది. చెట్టు మాత్రం పచ్చగానే ఉంటుంది. రోడ్డు మీద కారులో పోయేవాళ్ళకు ‘పంట బాగుందే’ అనిపిస్తుంది. పెరికి చూస్తే కింద కాయ ఉండదు, ఉన్నా లోపల పప్పు ఉండదు. టీవీలో చూపించడానికి ఏమీ లేని కరువు ఇది. ఇక కాయలు పెరికి కుప్ప వేసే రోజుల్లో, వద్దన్నా వినకుండా వాన పడుతుంది. తడిసిన కాయ మొలకెత్తుతుంది, కసువు కుళ్ళి ఆవులకూ పనికి రాదు.

మా ఉమ్మడి చిత్తూరు జిల్లాకు నైరుతి వానా కావాలి, ఈశాన్యపు వానా కావాలి. కుప్పం, పుంగనూరు వైపు నైరుతిని నమ్ముకుంటారు. శ్రీకాళహస్తి, సత్యవేడు వైపు ఈశాన్యాన్ని నమ్ముకుంటారు. మేము మధ్యలో ఉన్నాం, రెండు వైపులా చూస్తుంటాం. 2021 నవంబరులో తిరుపతి చుట్టుపక్కల స్వర్ణముఖి పొంగి, రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ చేయించారు, గుర్తుండే ఉంటుంది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానుకు అటు తిరుపతి జిల్లా తూర్పు మండలాలు మునిగాయి. ఒక ఏడు బోరు ఎండుతుంది, ఒక ఏడు చెరువు తెగుతుంది. ఈ రెంటికీ తట్టుకొని నిలబడడాన్ని పెద్దవాళ్ళు వాతావరణ మార్పులకు అనుకూలనం అంటారట. మా అమ్మాయి తిరుపతిలో పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో చదువుతోంది, ఆ మాట తనే చెప్పింది. ఈ ఉత్తరం టైపు చేసిందీ తనే. ఆ మాట నాకు నోరు తిరగదు గానీ, ఆ పని మాత్రం నేను రోజూ చేస్తున్నాను.

ఎట్లా చేస్తున్నామో చెబుతాను. వాన ఎగ్గొట్టి మొదటి విత్తనం మాడిపోతే రెండోసారి విత్తాలి. రెండోసారి విత్తనానికి డబ్బు ఎక్కడిది? నా మెడలోది, లేకపోతే మా అత్త చేతులవి. బోరు వేసినప్పుడూ అంతే. మొదటి బోరుకు బావమరిది దగ్గర అప్పు తెచ్చాడు మా ఆయన. రెండో బోరుకు నా గాజులు వెళ్ళాయి. తొమ్మిదొందల అడుగులు దించినా తడి మన్ను కూడా రాలేదు. మూడో బోరుకు కమ్మలు, చైను. నీళ్ళు పడ్డాయి, మూడు వేసవులు వచ్చాయి, నాలుగో వేసవికి సన్నగిల్లాయి. మా వీధిలో ఏ ఇంటికి వెళ్ళి అడిగినా ఇదే లెక్క చెబుతారు. చిత్తూరు జిల్లాలో కరువును తట్టుకోవడానికి ఒక నిధి ఉంది మంత్రి గారూ, అది తాకట్టు కొట్టు ఇనప్పెట్టెలో ఉంది. ఆ నిధికి డబ్బు కట్టినవాళ్ళ పేర్లు చూడండి, అన్నీ ఆడపేర్లే.

అట్లాగని బ్యాంకులో నాకు పంట రుణం వస్తుందా? పంట రుణం 7 శాతానికి ఇస్తారు. గడువులోగా కడితే 3 శాతం తగ్గించి 4 శాతమే పడుతుంది. మంచి పథకం. దానికి పట్టాదారు పాసు పుస్తకం కావాలి. నాకు దొరికేది నగల మీద అప్పు, అది ప్రైవేటు కొట్లో నూటికి రెండు రూపాయలు, నెలకు. ఒకే చేను, ఒకే విత్తనం. ఆయన పేరున అడిగితే ఏడాదికి నాలుగు, నేను అడిగితే ఏడాదికి ఇరవై నాలుగు.

ఇక మామిడి. మా మామ కాలంలో ఈ రెండున్నర ఎకరాలూ చెనిక్కాయే. ఎనిమిది సాళ్ళకు ఒక సాలు కంది. మధ్యలో అక్కడక్కడా అలసంద, సజ్జ, గోగు. గట్టున ఆముదాలు, కంచె మీద అనప. మా అత్త ఆ గింజలన్నీ బూడిద కలిపి కుండల్లో దాచేది. కంది గింజలకు ఎర్రమన్ను పూసి ఎండబెట్టేది. చెనిక్కాయ పోయిన ఏడు కూడా ఇంట్లో అలసందలు ఉండేవి, చలికాలంలో అనపగింజల పితికిపప్పు ఉండేది. తర్వాత వానలు తప్పుతున్నాయని, కూలీలు దొరకరని, ఊరంతా మామిడి పెట్టారు. తోటకు ప్రోత్సాహం కూడా వచ్చింది. మామిడి చెట్టు వాన లేకపోయినా నిలుస్తుంది, నిజమే. మేమూ ఒక ఎకరా పెట్టాం, నేను వద్దనలేదు. కానీ చెట్లు పెద్దవై నీడ కమ్మేసరికి కింద ఏమీ పండలేదు. కంది పోయింది, సజ్జ పోయింది, వాటితోపాటు మా అత్త కుండలు పోయాయి. కలుపు కూలి మీద బతికే ఆడవాళ్ళకు పని పోయింది. వాళ్ళు ఇప్పుడు ఆటోల్లో పలమనేరు టమాటా తోటలకు పోతున్నారు. ఆడకూలికి మూడొందలిచ్చే చోట మగకూలికి అయిదారొందలిస్తారు. సమాన వేతన చట్టం 1976లోనే వచ్చిందని మా అమ్మాయి చెబితే నవ్వొచ్చింది. నేను పుట్టకముందే వచ్చిందన్నమాట!

ఇక 2025లో తోతాపురి మామిడి ధర కూలినప్పుడు ఏం జరిగిందో మీ శాఖకే బాగా తెలుసు. గుజ్జు ఫ్యాక్టరీలు కిలోకు 8, ప్రభుత్వం 4, కలిపి 12 రూపాయలని ప్రకటించారు. మాకూ కాయలు ఉన్నాయి. ఫ్యాక్టరీ ముందు ట్రాక్టర్లు కిలోమీటర్ల కొద్దీ నిలిచాయి. ఆ వరుసలో ట్రాక్టరు కింద పడుకొని రెండు రాత్రులు కాపలా ఉండాలి. నేను ఉండగలనా? మా ఆయన మళ్ళీ జీతం పోగొట్టుకొని వచ్చాడు. మగవాళ్ళు రాలేని ఇళ్ళవాళ్ళు తోటలోనే దళారికి కాయలు ఇచ్చేశారు, అడిగిన ధరకు. మామిడి గొప్ప ఉపాయమే, కాదనను. అయితే ఎవరికి ఉపాయం అన్నది కూడా చూడాలి. పొలంలో ఏ పంట పెట్టాలో సలహా చెప్పేటప్పుడు, ఆ పంట అమ్మడానికి రాత్రిపూట ఎవరు బయట పడుకోవాలో ఎవరూ ఆలోచించలేదు.

ఏనుగుల సంగతీ అంతే. కౌండిన్య అడవి నుంచి దిగి వస్తే అరటి, చెరకు, వరి ఏదీ మిగలదు. రాత్రి మంచె మీద కాపలా మగవాళ్ళ పని. మగవాళ్ళు బెంగళూరులోనో చెన్నైలోనో ఉన్న ఇంటికి ఆ రాత్రి కాపలా ఎవరు?

ప్రకృతి వ్యవసాయం గురించి రెండు మాటలు రాయాలి, ఎందుకంటే మీరు సభల్లో దాన్ని గొప్పగా చెబుతారు, చెప్పాలి కూడా. రాష్ట్ర ప్రభుత్వ రైతు సాధికార సంస్థ నడిపే ఆ కార్యక్రమానికి 2024లో పోర్చుగల్‌లోని గుల్బెంకియన్ ఫౌండేషన్ బహుమతి వచ్చింది. మా డ్వాక్రా సంఘంలో ఆ వార్త చదివి చప్పట్లు కొట్టాం. వానకు ముందే పొడిమట్టిలో నవధాన్యాలు చల్లే పద్ధతి మా చేలో చేసి చూశాను, పనికొచ్చింది. పదును వాన పడేసరికి నేల కప్పి ఉంది, తేమ నిలిచింది. మా అత్త “ఇదేముందే, మేము చేసిందే కదా” అంది. నిజమే. ఆమె కుండల్లో ఉన్న గింజలే ఇప్పుడు సంచుల్లో తిరిగి వచ్చాయి.

కానీ ఒక లెక్క ఎవరూ రాయడం లేదు. చేనికి పోసే జీవామృతం అనే ద్రావణానికి 200 లీటర్ల నీళ్ళు, 10 కిలోల పేడ, ఆవు పంచితం ఆరేడు లీటర్లు, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పప్పు పిండి, గట్టు మీది పిడికెడు మన్ను. బెల్లానికీ పిండికీ ఖర్చు ఎంతో పుస్తకంలో ఉంటుంది. పంచితం పట్టాలంటే తెల్లవారుజామున నాలుగింటికి లేచి ఆవు దగ్గర గిన్నె పట్టుకొని నిలబడాలి. ఆవు మన టైముకు పోయదు. ఆ డ్రమ్ము రోజుకు రెండు పూటలు కలియబెట్టాలి. తర్వాత బిందెలతో చేనికి మోయాలి, లేదా పదహారు లీటర్ల డబ్బా వీపున కట్టుకొని చల్లాలి. ఆ డబ్బా మగవాడి వీపుకు కొలిచి చేశారేమో, పట్టీలు నా భుజం మీద నిలవవు, జారిపోతాయి. మందుల ఖర్చు తగ్గింది. ఆ తగ్గిన ఖర్చు ఎక్కడికో పోలేదు, నా నిద్రలోకి వచ్చింది. ఈ పద్ధతి వద్దని కాదు నేను చెప్పేది. ఊరికొకచోట ఈ ద్రావణాలు కలిపి అమ్మే ఏర్పాటు సంఘానికి అప్పగించి, చేసినవాళ్ళకు కూలి కట్టండి. కొన్ని ఊళ్ళలో అట్లాంటి దుకాణాలు ఉన్నాయి, మా ఊళ్ళో లేదు.

పాల సంగతి కొంచెం మేలు. పాలు పోసే ఖాతా నా పేరునే ఉంది, డబ్బు నా చేతికే వస్తుంది. చిత్తూరు జిల్లాలో ఆడవాళ్ళు నిలబడ్డారంటే ఆవును పట్టుకొనే. అయితే ఈ సంకర జాతి ఆవులు ఎండకు ఓర్వలేవు. ఏప్రిల్, మే నెలల్లో రేకుల కొట్టంలో రొప్పుతూ నిలబడతాయి, మేత ముట్టవు, పాలు దిగిపోతాయి. గోనెసంచులు తడిపి కప్పుతాం. మాకు తాగడానికి తెచ్చుకున్న నీళ్ళే వాటి మీద చల్లుతాం. పశుసంవర్ధక శాఖ కూడా మీ దగ్గరే ఉంది కాబట్టి రాస్తున్నాను. రేకుల మీద వేయడానికి తాటాకు, కొబ్బరాకు, తెల్ల సున్నం, ఇంత మాత్రం సాయం ఎండలు ముదిరే లోపల అందితే చాలు. జూన్‌లో ఇస్తే వానలకు తడుస్తుంది అంతే.

మళ్ళీ వేలు దగ్గరికి వస్తాను. పంట నమోదులో ఎవరి పేరు ఉంటే, వాళ్ళ ఫోనుకే సమాచారం వెళుతుంది. పోయిన ఏడు రాయితీ విత్తనాలు వచ్చాయని మెసేజి మా ఆయన ఫోనుకు వచ్చింది. ఆయన కారు కింద పడుకొని పని చేస్తున్నాడు. సాయంత్రం చూసి నాకు చెప్పాడు. తెల్లారి నేను వెళ్ళేసరికి బస్తాలు అయిపోయాయి. శ్రీకాళహస్తి దగ్గర మా చెల్లెలిది ఇంకో కథ. భర్త శ్రీసిటీలో షిఫ్టు పనికి పోతాడు, లోపల ఫోను చూడడానికి వీల్లేదు. వాన వస్తుందని, కోసిన వరి ఎత్తుకోమని వచ్చిన కబురు అతని జేబులోనే ఉండిపోయింది. వరి కోసింది చెల్లెలు, పనలు పరిచింది చెల్లెలు. మబ్బు చూసి, పక్కింటివాళ్ళు పరుగెత్తడం చూసి తనూ పరుగెత్తింది. సగం ఎత్తింది, సగం తడిసింది.

ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2024లో ఒక నివేదిక వేసింది. మా అమ్మాయి చదివి వినిపించింది. 24 దేశాల్లో లక్షకు పైగా పల్లె కుటుంబాల లెక్కలు తీశారట. ఆడవాళ్ళు నడిపే కుటుంబాలు ఎండ దెబ్బకు, మగవాళ్ళు నడిపే కుటుంబాల కన్నా 8 శాతం ఎక్కువ ఆదాయం పోగొట్టుకుంటున్నాయట. వరదలప్పుడు 3 శాతం ఎక్కువట. నేను ఒక్కటే అడిగాను: ఆ లెక్కలో మన ఇల్లు ఎటు వైపు వస్తుంది? అమ్మాయి కాసేపు ఆలోచించి, “కాగితం మీద మనది నాన్న నడిపే కుటుంబం కదమ్మా” అంది. మా నష్టం ఆ నష్టాల పట్టీలోకే రాదన్నమాట.

పట్టా ఆడవాళ్ళ పేరున ఎందుకు రాయించుకోరు అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కూతుళ్ళకు పిత్రార్జితంలో సమాన వాటా ఇస్తూ మన రాష్ట్రం 1986లోనే చట్టం తెచ్చింది, ఎన్టీ రామారావు గారి హయాంలో. దేశమంతటికీ ఆ మాట 2005లో గానీ రాలేదు. పసుపు కుంకుమ కింద కూతురికి ఎకరా, అరెకరా రాసిచ్చే అలవాటు కూడా మనకు ఉంది. 2015-16 వ్యవసాయ గణనలో దేశం మొత్తం మీద ఆడవాళ్ళ పేరున ఉన్న కమతాలు నూటికి 14 కూడా లేవు. మన రాష్ట్రం ఆ సగటు కన్నా ఎంతో మెరుగు. అయినా నా మాటే చెబుతాను. మా నాన్న పోయాక నా వాటా వదులుకుంటూ తమ్ముడికి సంతకం పెట్టిచ్చాను. ఎవరూ బలవంతం చేయలేదు. చీర పెట్టారు, భోజనం పెట్టారు, సంతకం పెట్టాను. పెట్టకపోతే పుట్టింటి గడప తొక్కే మొహం ఉండదని నాకు నేనే అనుకున్నాను. చట్టం నా వైపే ఉంది, నేనే చట్టం వైపు లేను. అది మారడానికి మా అమ్మాయి తరం పడుతుందేమో. వానలు అంతవరకూ ఆగవు కదా.

మా వీధిలో ఇంకొకామె ఉంది. భర్త పోయి ఆరేళ్ళు. ఎకరంన్నర కౌలుకు చేస్తుంది. భూమి గలాయన తిరుపతిలో ఉంటాడు. 2019 నాటి పంట సాగుదారు హక్కుల చట్టం కింద ఆమెకు కౌలు కార్డు రావాలంటే ఆయన ఒప్పుకొని సంతకం పెట్టాలి. ‘పెడతాను, తర్వాత చూద్దాం’ అంటాడు, నాలుగేళ్ళుగా. ఎక్కువ అడిగితే భూమే వెనక్కి తీసుకుంటాడని ఆమె భయం. నాలాంటివాళ్ళకు ఆ దారి కూడా లేదు. మొగుడి భూమిని మొగుడి దగ్గర కౌలుకు తీసుకున్నానని ఏ ఆడది కాగితం రాయించుకుంటుంది?

అందుకే భూమి మాట పక్కన పెట్టి, నేను అడిగేది చిన్నది. ఈ-క్రాప్‌లో పట్టాదారు గడి పక్కన ఇంకొక గడి పెట్టండి. ‘ఈ చేను చేస్తున్నది ఎవరు?’ అని. ఆ గడిలో నా పేరు, నా ఫోను నంబరు, నా వేలిముద్ర. ఇద్దరం చేస్తుంటే ఇద్దరి పేర్లు. ఇద్దరిలో ఎవరు చేలో ఉంటే వాళ్ళ వేలితో నమోదు పూర్తి కావాలి. విత్తనాల కబురు, వాన కబురు, పురుగు కబురు ఆ ఫోనుకు రావాలి. పట్టా ఎక్కడికీ పోదు, ఎవరి హక్కూ తగ్గదు.

కుటుంబాల్లో గొడవలు వస్తాయని ఎవరైనా అంటే, మొదటి ఏడాది డబ్బులన్నీ పట్టాదారు ఖాతాకే వేయండి. అన్నదాత సుఖీభవ, పీఎం కిసాన్ కలిపి ఏడాదికి 20,000 రూపాయలని 2025 ఆగస్టులో మొదలుపెట్టారు. మా ఇంటికి వచ్చింది ఆయన ఖాతాలో పడింది, ఆయన నాకు పంపించాడు. అందరు మగవాళ్ళూ అట్లా పంపిస్తారని నేను పూచీ పడలేను, కానీ ఆ పోట్లాట ఈరోజు పెట్టుకోను. ముందు పేరు ఎక్కనివ్వండి. మూడేళ్ళు ఆ గడి నిండితే, ఈ జిల్లాలో ఎన్ని ఎకరాలు ఆడవాళ్ళ చేతుల మీద నడుస్తున్నాయో మీకే తెలుస్తుంది. నష్టపరిహారం ఎవరికి ఇవ్వాలి, డ్రిప్పు రాయితీకి ఎవరి దరఖాస్తు తీసుకోవాలి, స్ప్రేయర్ పట్టీలు ఎవరి భుజానికి కొలవాలి అన్నది అప్పుడు ఊహించుకోనక్కర్లేదు.

దొంగ పేర్లు ఎక్కుతాయన్న అనుమానానికీ మా దగ్గర జవాబుంది. ఊళ్ళో ఏ చేను ఎవరు చేస్తున్నారో డ్వాక్రా సంఘానికి తెలియని సంగతి కాదు. ఎవరు ఏ నెల ఎంత పొదుపు కట్టారో, ఎవరు ఆవు కొన్నారో, ఎవరు గొలుసు తాకట్టు పెట్టారో మా పుస్తకాల్లో ఇరవై ఏళ్ళ లెక్క ఉంది. గ్రామసభలో చదివి వినిపించండి, తప్పయితే అక్కడే అంటారు. ఇది నా సొంత తెలివి కూడా కాదు. వ్యవసాయ శాస్త్రవేత్త ఎం.ఎస్. స్వామినాథన్ గారు 2012లో రాజ్యసభలో పెట్టిన మహిళా రైతుల హక్కుల బిల్లులో ఇదే ఉంది. గ్రామసభ ఆమోదంతో పంచాయతీ మహిళా రైతుకు ధ్రువపత్రం ఇవ్వాలని. ఆ బిల్లు మురిగిపోయింది. అంతకు ముందే, 2007 నాటి జాతీయ రైతు విధానంలో రైతు అంటే పట్టా ఉన్నవాడు మాత్రమే కాదని, కౌలు చేసేవాళ్ళు, కూలీలు, పశువులు మేపేవాళ్ళు అందరూ రైతులేనని రాసుకున్నారు. రాసుకొని ఎన్నేళ్ళయిందో మీరే లెక్క వేయండి.

ఐక్యరాజ్యసమితి 2026ను మహిళా రైతు అంతర్జాతీయ సంవత్సరంగా ప్రకటించింది. మన దేశంలో ఏటా అక్టోబరు 15న మహిళా రైతు దినోత్సవం కూడా ఉంది. ఆ రోజు మా సంఘం నుంచి ఇద్దరిని పిలిచి, శాలువా కప్పి, ఫొటో తీసి పంపిస్తారు. ఒకసారి నన్నూ పిలిచారు. శాలువా బాగుంది, చలికాలంలో మా అత్త కప్పుకుంటోంది. ‘ఆదర్శ మహిళా రైతు’ అని మైకులో చదివారు. అదే నెలలో ఒక కార్యాలయంలో చెనిక్కాయ నష్టం గురించి అడగడానికి వెళితే, “రైతు రాలేదా?” అన్నారు.

మీ జిల్లా పర్యటనల్లో ఎప్పుడైనా బంగారుపాళ్యం వైపు వస్తే ఒక మనవి. మీటింగు పదకొండు గంటలకు షామియానా కింద పెట్టకండి. ఆ టైముకు మేము చేలలో ఉంటాం, వచ్చేది మగవాళ్ళే, అది కూడా పని లేనివాళ్ళు. పొద్దున ఆరున్నరకు పాలు పోసే చోటికి రండి. క్యాన్లు పట్టుకొని అందరం అక్కడే ఉంటాం. ఒక అరగంట దొరుకుతుంది. నమోదు యంత్రం కూడా వెంట తెప్పిస్తే, ఎవరి వేలు ఏ చేనిదో అక్కడికక్కడే చూసుకోవచ్చు.

ఇట్లు,
బంగారుపాళ్యం మండలం నుంచి
ఒక రైతు